కొమ్ము మీద కదిలే బొమ్మలు

పాత ట్రంకుపెట్టె సర్దితే అడుగున ఏదో ఒక వింత బయటపడుతూనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో అయితే ఆ వింతల్లో ఒక నల్లటి దువ్వెన ఉండొచ్చు. నలుపంటే బొగ్గు నలుపు కాదు. కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి, అంచుల్లో తేనెరంగు చార మెరుస్తుంది. ప్లాస్టిక్ కాదు, చెక్క అంతకంటే కాదు. పెద్దవాళ్లనడిగితే పర్లాకిమిడి దువ్వెన అంటారు. కొమ్ముతో చేసింది. మెడ వంచి నిలబడ్డ నల్లకొంగ ఒకటి షోకేసులో దుమ్ము కొట్టుకుని కనిపిస్తే అది కూడా ఆ ఊరిదే అయ్యుంటుంది.

పర్లాకిమిడి ఎక్కడో దూరాన లేదు. పాతపట్నం పొలిమేర దాటితే వచ్చేస్తుంది. మహేంద్రతనయ ఒడ్డునున్న ఆ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు అటు వెళ్లింది గానీ, అంతవరకూ శ్రీకాకుళమూ పర్లాకిమిడీ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లావే. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపిల్లలకు పాఠాలు చెప్పిందీ, సవర భాష నేర్చుకుని నిఘంటువు కోసం మాటలు పోగుచేసిందీ ఆ ఊళ్లో ఉండే. 2011లో పెద్దలైను పడకముందు నౌపడా నుంచి అక్కడికి చిన్నరైలు తిరిగేది. గజపతి రాజుల ఆదరణలో మహారణా కుటుంబాలవాళ్లు ఆ ఊళ్లో కొమ్ముపని చేస్తూ వచ్చారు. దువ్వెనలు, కలం స్టాండ్లు, చేతికర్రల పిడులు, పక్షులు, దేవుడి బొమ్మలు... ఒకటని కాదు.

ఇంతకీ ఈ దువ్వెన గురించి ఇప్పుడెందుకంటారా? ప్రపంచానికి ఆ చివర, ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కప్పేసే చోట, ఇలాగే కొమ్మును నమ్ముకుని బతికిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్నారు. వాళ్లు కొమ్ము మీద ఏకంగా ఒక ఊరినే నిలబెట్టారు. ఆ ఊళ్లో మనుషులు కదులుతారు కూడా. వాళ్ల కథ పక్కన పెట్టి చూస్తే మన దువ్వెన కథ ఇంకాస్త బాగా అర్థమవుతుందనిపించింది.

కొమ్ములన్నీ ఒకటి కాదు

తెలుగులో ఆవుకీ కొమ్మే, దుప్పికీ కొమ్మే. మనకి మాట ఒకటే అయినా వస్తువులు వేరు. ఆవు, గేదె, మేక, మన రాష్ట్ర జంతువు కృష్ణజింక... వీటన్నిటి కొమ్మూ లోపలున్న ఎముక బుడిపె మీద తొడిగిన బోలు తొడుగు. ఆ తొడుగు కెరటిన్ అనే పదార్థం. మన జుట్టూ, గోళ్లూ కూడా అదే. అంటే కొమ్ము దువ్వెనతో తల దువ్వుకోవడమంటే ఒకరకంగా జుట్టుని జుట్టుతో దువ్వుకోవడమే! ఈ కొమ్ము జీవితాంతం ఒకటే. మొదలంటా విరిగితే మళ్లీ రాదు.

దుప్పి, కణితి కొమ్ములు అలా కాదు. చెట్టుకొమ్మల్లా చీలే ఆ కొమ్ము అచ్చంగా ఎముక. ఏటా రాలిపోయి మళ్లీ కొత్తది మొలుస్తుంది. మొలిచే రోజుల్లో పైన మెత్తటి మఖమల్ లాంటి చర్మం ఉంటుంది. అది ఎండి రాలాక గట్టి కొమ్ము బయటపడుతుంది. మన అడవుల్లో ఈ వైభవమంతా మగవాటికే. ఆడదుప్పి తల బోసి.

ఒక్క జాతిలో మాత్రం ఆడదానికీ కొమ్ములుంటాయి. ఉత్తర ధ్రువం వైపు తిరిగే రెయిన్‌డీర్ అది. కెనడాలో దాన్నే కారిబూ అంటారు. పెద్ద మగవి చలికాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేసుకుంటాయి. కడుపుతో ఉన్న ఆడవి మాత్రం వసంతంలో ఈనేదాకా వాటిని నిలుపుకుంటాయి. మంచు తవ్వితే తప్ప మేత దొరకని రోజుల్లో, తవ్వుకున్న గుంట దగ్గరికి ఇంకొకటి రాకుండా అదే దానికి ఆయుధం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆ జంతువు మీద నాకు గౌరవం పెరిగింది.

డోలు చుట్టూ ఊరంతా

మనం స్కూల్లో ఎస్కిమోలు అని చదువుకున్నవాళ్లు తమని తాము ఇన్యూట్ అని పిలుచుకుంటారు. వాళ్ల భాషలో మనుషులు అని అర్థం. కెనడాలో వాళ్లు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతం 1999 ఏప్రిల్ 1న వేరుగా ఏర్పడింది. చెట్టన్నది మొలవని నేల అది. కట్టె దొరకని చోట కారిబూ కొమ్మే కట్టె. బాణం ములికి, మంచు వెలుగు కళ్లలో పడకుండా పెట్టుకునే సన్నచీలిక కళ్లజోడు, సూదులు దాచుకునే గొట్టం, ఆడవాళ్లు చర్మం కోసే అర్ధచంద్రాకారపు కత్తికి పిడి... ఇన్నిటికీ కొమ్మూ ఎముకే ఆధారం. ఆ కత్తిని ఉలు అంటారు. తల్లి నుంచి కూతురికి వచ్చే వస్తువు. మనింట్లో కత్తిపీటలాగన్నమాట.

పిల్లల ఆటవస్తువులూ వీటితోనే. చిల్లులు పెట్టిన ఎముకముక్కని ఎగరేసి, దానికి తాడుతో కట్టిన పుల్లతో చిల్లులో గుచ్చి పట్టుకోవడం ఒక ఆట. వేలెడంత పక్షిబొమ్మల్ని మనం గవ్వలు వేసినట్టు విసిరి, నిటారుగా పడ్డ పక్షి ఎవరి వైపు చూస్తుంటే వాళ్లకివ్వడం ఇంకో ఆట. చలికాలంలో ఇగ్లూలో కూర్చుని ఆడుకునేవి ఇవి. ఆడపిల్లలు చిన్నబొమ్మలకి చర్మంతో బట్టలు కుట్టేవారు. అది ఆటే గానీ, చదువు కూడా. అక్కడ కుట్టు సరిగా రాకపోతే చలి లోపలికొస్తుంది, చలి లోపలికొస్తే మనిషి మిగలడు.

ఈ అలవాటులోంచే కదిలే బొమ్మల కొమ్ములు వచ్చాయి. ఒక నిండు కారిబూ కొమ్ముని ఊహించుకోండి. దాన్ని పడుకోబెడితే అదొక చిన్న కొండవాలులా ఉంటుంది. దాని మీద సన్న చిల్లులు వేస్తారు. వేరే కొమ్ముముక్కల్లోంచి మనుషుల్ని, కుక్కల్ని, పక్షుల్ని విడివిడిగా చెక్కి, కాళ్లకింద చిన్న మేకుల్లా పెట్టి ఆ చిల్లుల్లో నిలబెడతారు. కొన్నిట్లో మనిషిని అటూ ఇటూ తిప్పొచ్చు. కొన్నిట్లో ఊడదీసి మళ్లీ పెట్టొచ్చు. చిల్లు వేయడానికి వాళ్లు వాడింది విల్లుబరమా. పైబిళ్లని పళ్లతో నొక్కిపట్టి, విల్లుని ముందుకీ వెనక్కీ లాగితే తాడు చుట్టిన బరమా గిర్రున తిరుగుతుంది. మన వడ్రంగి తాతలు వాడిన బరమాకి దగ్గర చుట్టమే. పళ్లతో పట్టడం ఒక్కటే తేడా. అలా పడితే ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది మరి!

బేకర్ లేక్ అనే ఊళ్లో ల్యూక్ ఇక్సిక్తార్యుక్ (1909-1977) అనే శిల్పి ఉండేవాడు. ఆయన దాదాపు జీవితమంతా కారిబూ కొమ్మే చెక్కాడు. ఎక్కువ చెక్కడు. కొమ్ము ఎటు వంగి ఉంటే మనిషి అటు వంగి ఉంటాడు. కొమ్ముకి పాయ ఉన్నచోట అది రెక్కవుతుంది. ముఖానికి రెండు గీతలు. అంతే. డోలునాట్యం చుట్టూ నిలబడ్డ జనం ఆయన బొమ్మల్లో పేరుపడ్డవి.

ఆ డోలు మనం చూసే డోలు కాదు. పెద్ద జల్లెడంత చట్రానికి ఒకవైపే కారిబూ చర్మం బిగించి, చర్మం మీద కాకుండా చట్రం అంచు మీద కొడతారు. మగవాడు మధ్యలో డోలు ఊపుతూ ఆడుతుంటే చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు పాడతారు. పాట అతనిదే. అతను వేటలో పడ్డ పాట్లు, అతని ఆకలి, అతని తప్పులు. కానీ పాడేది భార్య. మొగుడి పాటంతా ఆవిడకి కంఠతా రావాలి! ఆవిడ నోరు విప్పకపోతే అతని ఆట సాగదు.

మనకి ఇది ఊహించుకోవడం కష్టమేమీ కాదు. తప్పెటగుళ్లు చూసిన కళ్లు మనవి. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో గొల్లవారి జట్టు గుండ్రంగా తిరుగుతుంటే ఊరంతా చుట్టూ చేరుతుంది కదా. ఆ జట్టుని, చుట్టూ చేరిన జనాన్ని, చంకలో పిల్లనెత్తుకున్న ఆడమనిషిని ఒక్క కొమ్ము మీద నిలబెట్టారనుకోండి. మీ పాప ఒక్కొక్కర్నీ వేలితో తిప్పుతూ ఇది ఫలానావాడు, ఇది వాళ్లమ్మ అని చెప్పుకుంటుంది. అద్దం వెనక పెట్టే బొమ్మకీ దీనికీ అదే తేడా. ఈ బొమ్మ చేతిలో పట్టుకున్నప్పుడే పూర్తవుతుంది.

కొమ్ము అన్నం పెట్టిన రోజులు

అయితే ఇదంతా సంబరంగా మొదలైన కళ కాదు. కెనడా ఉత్తరాన సముద్రతీరానికి దూరంగా, లోపలి మైదానాల్లో బతికే ఇన్యూట్లకి తిండీ బట్టా గుడారం అన్నీ కారిబూయే. 1957-58 చలికాలంలో గారీ లేక్, హెనిక్ లేక్ ప్రాంతాలకి కారిబూ మందలు రాలేదు. ఆకలితో మనుషులు చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామందిని బేకర్ లేక్ లాంటి ఊళ్లకి చేర్చారు. వేట తప్ప వేరే పని తెలియని జనం. ఊళ్లో చూస్తే కూలి లేదు, డబ్బుతో బతకడం అలవాటు లేదు. అప్పుడు చేతిలో మిగిలింది చెక్కే పని, కుట్టే పని.

ఇన్యూట్ బొమ్మలకి దక్షిణ కెనడాలో బజారు ఉంటుందని కనిపెట్టిన మనిషి జేమ్స్ హ్యూస్టన్ అనే చిత్రకారుడు. 1948లో ఉత్తరాదికి వెళ్లి కొన్ని చిన్నబొమ్మలు పట్టుకొచ్చాడు. 1949లో మాంట్రియల్‌లో హస్తకళల సంఘం వాటిని అమ్మకానికి పెడితే జనం ఎగబడి కొన్నారు. ఆ తర్వాత సహకార సంఘాలు వచ్చాయి. నకిలీలు పుట్టుకొచ్చేసరికి 1958 నుంచి ప్రభుత్వం అసలు బొమ్మకి ఇగ్లూ గుర్తు చీటీ కట్టడం మొదలుపెట్టింది. ఈ బేరాల్లో లోటుపాట్లు లేవని కాదు. కొనేవాళ్లకి నచ్చేట్టు పెద్దవి, నున్నటివి చెయ్యమనే ఒత్తిడి ఉండనే ఉంది. అయినా పొయ్యి వెలిగింది.

మన పేజీలో తప్పక చెప్పుకోవాల్సిన మనిషి జెస్సీ ఊనార్క్. 1906లో పుట్టింది. భర్త పోయాడు. 1958లో ఆకలి తట్టుకోలేని స్థితిలో ఉన్న ఆమెని విమానంలో బేకర్ లేక్ తీసుకొచ్చారు. అప్పటికి యాభై దాటింది. తెలిసిందల్లా చర్మం కొయ్యడం, కుట్టడం. అదే కత్తిరింపు ఉన్నిబట్ట మీదికి మార్చింది. ముదురు రంగు బట్ట మీద కారిబూ, పక్షి, ఉలు కత్తి, పిల్లని వీపున మోసే తల్లి... అన్నీ బట్టముక్కలు కత్తిరించి కుట్టినవే. ఆమె చేసిన పెద్ద గోడతెర 1973 నుంచి కెనడా రాజధాని ఒట్టావాలో జాతీయ కళాకేంద్రంలో ఉంది. 1984లో ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవం అందుకుంది, మరుసటి ఏడాది కన్నుమూసింది. యాభై ఏళ్లు దాటాక ఇంకేం నేర్చుకుంటాం అనుకునే అక్కయ్యలు ఈ మాట వినాలి. ఆవిడ కొత్తగా నేర్చుకున్నది తక్కువే. వచ్చిన పనినే వేరే బట్ట మీద పెట్టింది.

విన్నిపెగ్ నగరంలో 2021లో ఇన్యూట్ కళకంటూ కౌమజుక్ అనే పెద్ద భవనం తెరిచారు. దాదాపు 14,000 వస్తువులున్నాయక్కడ. బొమ్మలకి చోటు దొరికింది, బాగానే ఉంది. మందలకే కష్టమొచ్చింది. బాథర్స్ట్ అనే కారిబూ మంద 1986లో సుమారు 4,70,000 ఉండేది. 2018 లెక్కల్లో 8,000 పైచిలుకు తేలింది.

విశాఖపట్నం పెట్టెలు

దుప్పికొమ్ముతో పని మన దగ్గరా జరిగింది. అదీ చిన్నాచితకగా కాదు. 18వ శతాబ్దం నుంచీ విశాఖపట్నం కంసాలుల చేతిపని ఓడలెక్కి వెళ్లేది. (శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో విడివిడిగా ఏర్పడ్డాయి. విజయనగరం, బొబ్బిలి అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోవే.) మొదట్లో నల్లచెక్క కుర్చీల్లో, బల్లల్లో దంతం పొదిగేవారు. తర్వాత గంధపుచెక్కతో పెట్టె చేసి, పైనంతా దంతపు రేకులు అతికి, వాటి మీద పూలతీగలు, మేడలు సన్నగా గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. 19వ శతాబ్దం వచ్చేసరికి గేదెకొమ్ము, దుప్పికొమ్ము, తాబేటిచిప్ప, ముళ్లపంది ముళ్లు కూడా చేరాయి. దుప్పికొమ్ముని పేళ్లుగా కోసి, దాని గరుకు పైభాగం అలాగే కనపడేలా వరసగా అతికించిన పెట్టెలున్నాయి. చూస్తే చెట్టుబెరడు తొడుక్కున్నట్టుంటాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పనికి ప్రత్యేక స్థానమే ఉంది.

ఆ పెట్టెల్లో ఎక్కువ భాగం ఏమిటనుకుంటున్నారు? కుట్టుపెట్టెలు! మూత ఎత్తితే లోపల చిన్న చిన్న అరలు. దారపు ఉండలకి దంతపు కండెలు, సూదుల గొట్టం, గుండుసూదుల మెత్త, కొలతటేపుకి డబ్బీ... ప్రతిదానికీ ఒక గూడు, ప్రతి గూటికీ ఒక మూత. దొరసానుల కోసం చేసినవి. మడత విప్పితే చదరంగం బల్ల అయ్యే పెట్టెలు, వాటిలోకి దంతపు చదరంగం బొమ్మలు కూడా చేశారు. రాజూ, మంత్రీ, గుర్రమూ... కదిపితేనే కథ నడిచే బొమ్మలంటే ఇవి కూడానూ.

ఆ కుట్టుపెట్టె ముందు కూర్చుని సూది ఎక్కించుకున్న మన ఇల్లాలు ఉందా అంటే అనుమానమే. మన అమ్మమ్మలు సూదీదారం బిస్కెట్ల రేకుడబ్బాలో దాచుకున్నారు. కొమ్ములో వాళ్ల వాటా దువ్వెన. ఇన్యూట్ ఆడమనిషి పిడి పట్టుకున్న కత్తి ఆవిడ సొంతం. మన తీరంలో అంత నాజూకైన పనీ బయటివాళ్ల ఇళ్లకి పోయింది. ఇది ఆ కంసాలుల తప్పు కాదు, డబ్బిచ్చి చేయించుకున్నది ఎవరో అన్నదాని బట్టి ఉంటుంది. కానీ కొనేవాళ్లు ఓడెక్కి వెళ్లిపోయాక ఆ పనికి ఊళ్లో అలవాటుపడ్డ ఇళ్లు లేకపోయాయి.

తర్వాత చట్టం వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లో, 1991లో చేసిన సవరణలు దంతం వ్యాపారాన్ని పూర్తిగా మూసేశాయి. తాబేటిచిప్ప, దుప్పికొమ్ము సంగతీ అంతే. రావాల్సిన చట్టమే, రెండో మాట లేదు. కొమ్ము రాలిందే కదా, ఏరుకుంటే నష్టమేంటని ఎవరైనా అడగొచ్చు. రాలిందో, చంపి తెచ్చిందో కొమ్ముని చూసి ఎలా చెప్తాం? దక్షిణాది వీణల అంచుల్లో దంతం, దుప్పికొమ్ము పొదిగే చోట ఇప్పుడు ప్లాస్టిక్ కనిపించేది అందుకే. ఇన్యూట్లకి కారిబూ ఇంటి తిండి, ఆ కొమ్ము వాళ్ల కంచం పక్కనుంచి వచ్చింది. మన దగ్గర చెక్కేవాడికి మిగిలింది పెరటి పశువు కొమ్ము.

నిప్పూ నూనే ఓపికా

అది ఎలా దువ్వెన అవుతుందో చూడండి. కొమ్ము చివర గట్టిగా, నిండుగా ఉంటుంది. మొదలు బోలు. చివరిముక్క కోసి బొమ్మలకి పక్కన పెడతారు. కొంగ మెడ వంపు చూసి చెక్కినవాడి నేర్పు అనుకుంటాం గానీ, ఆ వంపులో సగం గేదె ఇచ్చిందే. కారిబూ కొమ్ములో రెక్క ముందే ఉన్నట్టు, గేదెకొమ్ములో కొంగ ముందే ఉంటుంది. మిగతాది తీసెయ్యడమే పని.

బోలుముక్కని నిలువునా కోసి, నూనె రాసి నిప్పుసెగ మీద కాస్తారు. వెంట్రుకలు కాలిన కంపు గుప్పుమంటుంది. సెగ తగలగానే కొమ్ము అప్పడంలా మెత్తబడుతుంది. చటుక్కున విప్పి, బరువు కింద నొక్కితే చల్లారేసరికి పలకవుతుంది. సెగ ఎక్కువైతే మాడి పెళుసు, తక్కువైతే విప్పేటప్పుడు ఫెళ్లుమంటుంది. ఆ పలక మీద గీత గీసుకుని, సన్నరంపంతో ఒక్కో పన్నూ కోస్తారు. ప్రతి పంటి సందూ ఆకురాయితో గుండ్రం చెయ్యాలి. లేకపోతే జుట్టు చిట్లుతుంది. ఆఖరున బొగ్గుపొడి, నూనె పెట్టి గుడ్డతో రుద్దీ రుద్దీ మెరుపు తెస్తారు. మెషీను పాలిష్ వచ్చాక ఈ చివరి పని కొంత తేలికయింది గానీ, సెగ దగ్గర మాత్రం చెయ్యే చూసుకోవాలి.

అచ్చులో పోసి తీసే ప్లాస్టిక్ దువ్వెనకి ఇవేవీ అక్కర్లేదు. తమాషా ఏమిటంటే ప్లాస్టిక్ పుట్టిందే వీటిని అనుకరించడానికి. 1870 ప్రాంతాల్లో అమెరికాలో జాన్ వెస్లీ హయట్ సెల్యులాయిడ్ తయారుచేసింది బిలియర్డ్స్ ఆటలో దంతపు బంతికి బదులుగా. వెంటనే దాంతో కొమ్ములా, తాబేటిచిప్పలా కనపడే దువ్వెనలు వచ్చాయి. కొమ్ము దువ్వెనలకి పేరుపడ్డ లియోమిన్‌స్టర్ అనే అమెరికా ఊరు ఊరంతా ప్లాస్టిక్‌కి మారిపోయింది. మన దగ్గరా అదే జరిగింది, కాస్త ఆలస్యంగా.

పర్లాకిమిడిలో కొమ్ము దువ్వెన కన్నా షోకేసు కొంగే ఇప్పుడు ఎక్కువ గౌరవం పొందుతోంది. నాకు నచ్చనిది అదే. పెళ్లిలో ఎవరో ఇచ్చిన కొంగ, అద్దం బీరువాలో, తాజ్‌మహల్ బొమ్మ పక్కన. దాన్ని ఎవరూ తాకరు. ఏడాదికి ఒకసారి దులుపుతారు. ఇంట్లోవాళ్లు తాకని వస్తువుని రెండోది కొనరు కదా. పాత గంజాంలోదే బెల్లగుంఠ అనే ఊరు. అక్కడ ఇత్తడి రేకులు ఒకదానిలో ఒకటి గుచ్చి, చేతిలో పట్టుకుంటే మెలికలు తిరిగే చేపని చేస్తారు. పిల్లలు దాన్ని వదలరు. కొమ్ముతో అలాంటి పని ఎందుకు చేయించుకోకూడదు? తప్పెటగుళ్ల జట్టు, ఏరు పట్టిన రైతు, నీళ్లు తోడే ఆడమనిషి... కాళ్లకింద మేకుతో, తిప్పితే తిరిగేట్టు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఈ రెండు జిల్లాల్లోనూ ఇంకా ఉన్నాయి. అడిగేవాళ్లుంటే చేసేవాళ్లుంటారు.

ఇది గాలిమాట కాదనడానికి ఏటికొప్పాక ఉంది. వరాహ నది పక్కన అంకుడు కర్ర, లక్క, చెట్ల రంగులు. రసాయన రంగులొచ్చి పాతవాటిని తోసేసిన రోజుల్లో సి.వి.రాజుగారు మళ్లీ ఆకులు, వేళ్లు, గింజల రంగులకి తిప్పారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మలని తల్లులు కొన్నారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ. ఆ బొమ్మలు చాలావరకు దొర్లుతాయి, తిరుగుతాయి, పిల్లల చేతుల్లో అరుగుతాయి. అరిగితే కొత్తది కొంటారు.

కొనేముందు, కొన్నాక

కొమ్ము దువ్వెన కొనదలిస్తే ముందు వెలుతురుకి పట్టి చూడండి. అసలు కొమ్ములో రంగు ఒక్కలా ఉండదు, చారలు పొరలు పొరలుగా కనపడతాయి. రెండు దువ్వెనలు అచ్చం ఒకేలా ఉన్నాయంటే అనుమానించాలి. అరచేత్తో గట్టిగా రుద్ది వాసన చూస్తే సన్నగా జుట్టు వాసన వస్తుంది. పంటి చివర వేలితో తడమండి, గీరుకోకూడదు. పిల్లల తల అయితే పళ్లు ఎడంగా ఉన్నది తీసుకోవాలి. పేల దువ్వెనకీ దీనికీ పని వేరు.

వేడినీళ్లలో కడగొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. వంకర పోతుంది. కొద్దిగా వంకర పోతే భయపడకండి. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, రెండు పుస్తకాల మధ్య రాత్రంతా నొక్కిపెడితే దారికొస్తుంది. నెలకోసారి రెండు చుక్కల కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఉన్నిబట్టని తినే పురుగే దీన్నీ తింటుంది, అది కూడా కెరటినే మరి. అందుకని వాడకుండా మూల పడేస్తే చిల్లులు పడతాయి. రోజూ తలకి తగిలే దువ్వెనకి పురుగు పట్టదు.

తాతగారి కాలంనాటి దుప్పికొమ్ములు ఇంట్లో గోడకి వేలాడుతుంటే మాత్రం వాటి జోలికి పోకండి. చెక్కించడం, అమ్మడం, ఇంకొకరికి బహుమతిగా ఇవ్వడం చట్టం ఒప్పుకోదు. అటవీశాఖ ఇచ్చిన ధ్రువపత్రం ఉందో లేదో ఇంట్లో పెద్దవాళ్లనడిగి తెలుసుకోండి. లేకపోతే దగ్గర్లోని అటవీశాఖ కార్యాలయంలో చెప్పడం మంచిది.